సిస్టరమ్మా, నువ్వెట్లున్నవ్?

(ఈ నెల ఆరోగ్య పాఠం: అంటువ్యాధి రోజుల్లో నర్సుల మనసు)



వార్డులో మేము రోజుకు పదిసార్లు వినే మాట ఒకటి ఉంది. "సిస్టరమ్మా, మా అయ్య ఎట్లున్నడు?" బీర్కూరు నుంచి వచ్చినవారు అడుగుతారు, పిట్లం నుంచి, బిచ్కుంద నుంచి వచ్చినవారు అడుగుతారు. అడగాలి కూడా. తమ మనిషి మంచం మీద ఉంటే ఎవరి ప్రాణం నిలుస్తుంది? కాని "సిస్టరమ్మా, నువ్వెట్లున్నవ్?" అని అడిగినవారిని మాత్రం మేము వేళ్ల మీద లెక్కపెట్టగలం.

ఎవరూ అడగని ఆ ప్రశ్న గురించే ఈ నెల పాఠం. ఇది నర్సుల కోసం మాత్రమే రాసింది కాదు. నర్సు ఎవరో ఒకరి బిడ్డ, ఎవరో ఒకరి కోడలు, ఎవరో ఒకరి ఇంట్లో అద్దెకు ఉండే మనిషి. ఆమె మనసు బాగుండడంలో మీ పాలు కూడా ఉంది. అందుకే మీ అందరికీ రాస్తున్నాము.

ఆ రోజులు గుర్తు చేసుకుందాం

2020 మార్చి 2న మన రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిని ప్రభుత్వం కోవిడ్ రోగుల కోసం కేటాయించింది. మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా వాకిళ్లలో నిలబడి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. మే 3న వైమానిక దళం హెలికాప్టర్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. ఆ చప్పట్లు, ఆ పూలు మంచివే. వాటిని మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు.

అయితే అదే సమయంలో మరొకటి కూడా జరిగింది. అద్దె ఇళ్ల నుంచి డాక్టర్లను, నర్సులను ఖాళీ చేయిస్తున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు మార్చి 24న ప్రభుత్వానికి ఉత్తరం రాయవలసి వచ్చింది. ఏప్రిల్ 1న గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే అతని బంధువులు డ్యూటీలో ఉన్న డాక్టర్ మీద చేయి చేసుకున్నారు. వైద్య సిబ్బందిపై దాడులను ఆపడానికి కేంద్ర ప్రభుత్వం ఏప్రిల్ 22న ప్రత్యేకంగా ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. జూలైలో గాంధీలో పనిచేసే అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతం కోసం, ఉద్యోగ భద్రత కోసం విధులు ఆపి బయట కూర్చున్నారు. రెండు నెలల క్రితం పూలు పడిన ఆవరణే అది.

చప్పట్లు కొట్టిన చేయి, తలుపు వేసిన చేయి కొన్ని చోట్ల ఒకటే. ఇది ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. భయంలో మనమందరం అలాగే ప్రవర్తిస్తాము. కాని ఆ తలుపు చప్పుడు ఒక మనిషి మనసులో ఎంతకాలం మోగుతుందో తెలుసుకోవడం అవసరం.

ఒక సిస్టర్ కథ

మాతో పనిచేసిన ఒక సిస్టర్ అనుభవాన్ని ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా రాస్తున్నాము. లాక్‌డౌన్ మొదలైన వారానికి ఇంటి ఓనరమ్మ ఆమెను గేటు దగ్గరే ఆపి, "బిడ్డా, తప్పుగ అనుకోకు. ఇంట్ల చిన్న పోరలున్నరు. గీ రోగం పోయేదాంక దవాఖానలనే ఉండరాదు" అన్నది. ఆర్టీసీ బస్సులు మార్చి 22 నుంచి మే 19 వరకు నడవలేదు గనుక తల్లిగారింటికి పోయే దారి కూడా లేదు. మూడు వారాలు ఆమె ఆసుపత్రి గదిలోనే బెంచీ మీద పడుకుంది.

అప్పుడు ఆమె ఏడవలేదు. డ్యూటీ చేసింది. తోటివారికి ధైర్యం చెప్పింది. 2021 వేసవిలో రెండో విడత వచ్చినప్పుడు ఆక్సిజన్ మీద ఉన్న రోగుల పక్కన రాత్రులు నిలబడింది. అంతా సద్దుమణిగాక, అందరూ మాస్కులు తీసేశాక, అప్పుడు మొదలైంది. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడి లేచేది. అది ఆమెకు మానిటర్ అలారంలా వినిపించేది. చేతులు పొక్కులు వచ్చేదాకా కడిగేది. పిల్లవాడు దగ్గరకు వస్తే కసురుకునేది, తరువాత బాత్రూములోకి పోయి ఏడ్చేది. "రోగం పోయింది కదా, ఇప్పుడేమైంది నీకు?" అని ఇంట్లోవారు అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు.

ఆమె నిజామాబాద్ వెళ్లి మానసిక వైద్యుని కలిసింది. కొన్ని నెలలు చికిత్స తీసుకుంది. ఇప్పుడు బాగుంది, పనిచేస్తోంది. ఆ చెడ్డ రోజుల్లో తనను నిలబెట్టింది ఏమిటని మేము అడిగితే ఆమె ఒక టిఫిన్ డబ్బా గురించి చెప్పింది. పక్కింట్లో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ ఆ మూడు వారాలూ రోజూ మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు ఆసుపత్రి గేటు దాకా తెచ్చి పెట్టి, దూరంగా నిలబడి, "తిన్నవా బిడ్డా?" అని అడిగి పోయేదట. ఆ పెద్దమ్మకూ రోగమంటే భయమే. అయినా వచ్చింది.

మనసుకు తగిలే ఐదు దెబ్బలు

అంటువ్యాధి కాలంలో నర్సు మనసు ఎందుకు అంతగా దెబ్బతింటుంది? పని ఎక్కువై అని మనం అనుకుంటాము. పని ఒక్కటే కాదు.

1. ఇంటికి తెస్తానేమోనన్న భయం. తనకు వస్తుందన్న భయం కంటే తన వల్ల పిల్లలకు, అత్తమామలకు వస్తుందన్న భయం పెద్దది. 2018 మే నెలలో కేరళలోని పేరాంబ్రలో నిపా సోకిన రోగికి సేవ చేసిన నర్సు లినీ పుతుస్సెరి అదే వ్యాధితో 21వ తేదీన మరణించారు. ఆమె భర్త బహ్రెయిన్‌లో పనిచేస్తుండేవారు. ఐసొలేషన్ గదిలో నుంచి పిల్లలను చూసుకోమని ఆయనకు ఒక చీటీ రాసి వెళ్లారు. గల్ఫ్‌కు మనుషులను పంపిన మన పల్లెలకు ఆ చీటీ బరువు వేరే చెప్పనక్కర లేదు. కోవిడ్‌లో 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచమంతటా సుమారు 1,15,500 మంది ఆరోగ్య సిబ్బంది మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కనుక ఆ భయం ఉత్తుత్తిది కాదు.

2. శరీరం అలసట. పిపిఇ కిట్ వేసుకుంటే గంటల తరబడి నీళ్లు తాగడానికి లేదు, మూత్రానికి పోవడానికి లేదు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ ప్లాస్టిక్ బట్టలో చెమట పాదాల దాకా కారుతుంది. రాత్రి డ్యూటీ చేసిన శరీరానికి పగలు సరైన నిద్ర పట్టదు. నిద్ర లేని మనసు చిన్న మాటకే విరుగుతుంది.

3. మరణాలు. కోవిడ్ వార్డులో చాలామంది తమవారు దగ్గర లేకుండా పోయారు. చివరి మాట విన్నది, చేయి పట్టుకున్నది, ఫోన్‌లో కొడుకు ముఖం చూపించింది నర్సే. ఒక మరణానికి కన్నీరు కార్చే తీరిక లేకుండానే పక్క మంచం నుంచి పిలుపు వస్తుంది. అప్పుడు మింగిన దుఃఖం ఎక్కడికీ పోదు. లోపలే ఉంటుంది.

4. చేయవలసింది తెలిసీ చేయలేకపోవడం. నలుగురికి కావలసిన ఆక్సిజన్ ఇద్దరికే ఉన్నప్పుడు, ఇద్దరు చూడవలసిన రోగులను ఒక్కరే చూడవలసి వచ్చినప్పుడు, "నేను ఇంకొంచెం చేసి ఉంటే బతికేవాడేమో" అన్న మాట పట్టుకుంటుంది. తప్పు ఆమెది కాకపోయినా నేరభావం ఆమెదే అవుతుంది. ఇది అన్నిటికంటే లోతైన గాయం.

5. వెలివేత. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రి ప్రారంభించినప్పుడు రోగులను ఊళ్లు ఎలా వెలివేసేవో మన పెద్దలకు తెలుసు. రోగి మీద ఉన్న భయం ఆ రోగిని ముట్టుకున్న చేతి మీదకు కూడా పాకుతుంది. వ్యాధి మారుతుంది, భయం తీరు మారదు.

అలసట ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

భయం, కోపం, దిగులు, నిద్ర పట్టకపోవడం – కష్టకాలంలో ఇవి ఎవరికైనా వస్తాయి. ఇవన్నీ జబ్బు కాదు. చాలామందికి విశ్రాంతి దొరికి, తోడు దొరికితే కొన్ని వారాల్లో తగ్గుతాయి. అయితే ఈ మూడింటిని గుర్తు పట్టడం నేర్చుకోండి.

*పనిలో కాలిపోవడం (బర్న్ అవుట్).* ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు గుర్తులు చెప్పింది: సత్తువంతా అయిపోయినట్టు ఉండడం, పని మీద విరక్తి పుట్టి రోగులకు మనసు దూరం కావడం, ఏం చేసినా ఫలితం లేదనిపించడం. ఇది పని పరిస్థితుల వల్ల వచ్చే స్థితి. ఎంతో ప్రేమగా ఉండే సిస్టర్ ఒక్కసారిగా మొరటుగా మాట్లాడుతున్నదంటే "పొగరు" అనుకోకముందు ఇది ఆలోచించండి.

*డిప్రెషన్.* దిగులు దాదాపు రోజంతా, రెండు వారాలకు పైగా ఉంటే, ఇష్టమైనవాటి మీద కూడా ఆశ పోతే, తిండి, నిద్ర తప్పితే, తాను ఎందుకూ పనికిరానన్న మాట పదేపదే వస్తే అది జబ్బు. దానికి వైద్యం ఉంది.

*గాయపు జ్ఞాపకాలు.* జరిగిపోయిన దృశ్యం కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టు రావడం, పీడకలలు, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, ఆ వార్డు వైపే పోలేకపోవడం. ఇవి నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. పైన చెప్పిన సిస్టర్‌కు జరిగింది ఇదే.

వ్యాధి పోయాక

ఈ పాఠంలో మీరు ఒక్క మాట మాత్రమే గుర్తు పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి: వ్యాధి ఊరు విడిచిన రోజున నర్సు మనసులోని బరువు దిగదు. చాలాసార్లు అప్పుడే తెలియడం మొదలవుతుంది.

2003లో సార్స్ వ్యాధి కెనడాలోని టొరంటో నగరానికి వచ్చింది. కొన్ని నెలల్లో ఆగిపోయింది. కాని ఏడాది, రెండేళ్ల తరువాత పరిశీలిస్తే, ఆ రోగులను చూసిన ఆసుపత్రుల సిబ్బందిలో అలసట, మనోవేదన మిగతా ఆసుపత్రుల వారికంటే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అదే పరిశీలనలో ఆశ కలిగించే విషయం కూడా బయటపడింది. తమకు తగిన శిక్షణ, తగిన అండ దొరికిందని అనుకున్నవారిలో ఆ బాధ తక్కువగా ఉంది. అంటే అండ అనేది మంచి మాట మాత్రమే కాదు, మందు లాంటిది.

కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆ ప్రకటన వార్తల్లో వచ్చింది. ఆ తరువాత కూడా ఎంతమంది సిస్టర్లు రాత్రిపూట లేచి కూర్చుంటున్నారో ఏ వార్తలోనూ రాలేదు.

మీరు అడిగే ప్రశ్నలు

*"ప్రార్థన చేసుకుంటే పోదా? విశ్వాసం తక్కువైతేనే కదా ఇట్లా అవుతుంది?"*

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. ఏలీయా ప్రవక్త కథ మనకు తెలుసు. గొప్ప పని చేసిన తరువాతే ఆయన బదరీ చెట్టు కింద కూలబడి ఇక చాలు, ప్రాణం తీసుకొమ్మన్నాడు. ఆయనకు మొదట దొరికింది గద్దింపు కాదు. నిద్ర దొరికింది. రొట్టె, నీళ్లు దొరికాయి. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. మాట ఆ తరువాత వచ్చింది. ప్రార్థన ఎందరికో బలాన్నిస్తుంది. కాని అలసిన మనిషికి "నీ విశ్వాసం తక్కువ" అని చెప్పడం గాయం మీద ఉప్పు చల్లడమే. కాలు విరిగినవారిని కట్టు కట్టించుకోవద్దని మనం అనము. మనసు విషయంలో కూడా అంతే.

*"మానసిక డాక్టర్ దగ్గరికి పోతే పిచ్చిదంటారు, ఉద్యోగం పోతుంది."*

డిప్రెషన్, నిద్రలేమి పిచ్చి కాదు. వైద్యం చేయించుకున్న వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

*"మందులకు అలవాటు పడిపోతారట కదా?"*

డిప్రెషన్‌కు ఇచ్చే మందులు నిద్రమాత్రలు కావు, వాటికి వ్యసనం ఏర్పడదు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా సగంలో ఆపకూడదు. కాని మందుల గది చేతికి అందుబాటులో ఉంది కదా అని నర్సులు సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవడం మాత్రం ప్రమాదం. దానికి అలవాటు పడతారు.

మనం చేయగలిగినవి

*ఇంట్లోవారు:* డ్యూటీ నుంచి రాగానే "ఈరోజు ఎంతమంది పోయిండ్రు?" అని అడగకండి. కాళ్లు కడుక్కోనివ్వండి, తిననివ్వండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు ఆమె పడుకునే గదికి కర్టెన్ వేసి, టీవీ తగ్గించి, పిల్లలను బయట ఆడించండి. బట్టలు, వంట, బడి పనులు పంచుకోండి. ఆమె చెప్పాలనుకుంటే వినండి, చెప్పకపోతే తవ్వకండి. జరిగినదంతా ఒక్కసారి కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించడం మేలు చేయదు.

*రోగి బంధువులు:* మీ తరఫున మాట్లాడడానికి ఒక్కరిని పెట్టుకోండి. పదిమంది పది సార్లు అడిగితే ఆ సమయం మీ రోగి నుంచే పోతుంది. దుఃఖంలో కోపం వస్తుంది, అది మాకు తెలుసు. ఆ కోపాన్ని పెద్ద డాక్టరుతో, ఆసుపత్రి అధికారితో చెప్పండి. ఎదురుగా ఉన్న సిస్టర్ మీద చేయి ఎత్తకండి. అంటువ్యాధి కాలంలో వైద్య సిబ్బందిపై దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంటుందని 2020 సవరణ చట్టం చెబుతోంది. చట్టం కోసం కాదు, మనిషితనం కోసం ఆగండి.

*సంఘం, ఇరుగుపొరుగు:* వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో సరిగ్గా తెలుసుకోండి. దూరం పాటించవలసి వస్తే పాటించండి, కాని మాట ఆపకండి. గేటు దగ్గర ఒక టిఫిన్ డబ్బా పెట్టవచ్చు. అద్దెకు ఉన్న సిస్టర్‌ను ఖాళీ చేయమనే ముందు ఒక్కసారి ఆసుపత్రికి వచ్చి అడగండి. వ్యాధి పోయిన ఆరు నెలల తరువాత కూడా పలకరించండి.

*ఆసుపత్రి:* ఇది మాకు మేము చెప్పుకునే మాట. కష్టమైన వార్డులో ఉన్నవారిని కొన్నాళ్లకు తేలిక వార్డుకు మార్చాలి. కొత్త సిస్టర్‌ను అనుభవం ఉన్న సిస్టర్‌తో జతచేయాలి. కోవిడ్ మొదట్లోనే, 2020 మార్చిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో ఈ రెండూ ఉన్నాయి. జీతం వేళకు ఇవ్వాలి. రక్షణ సామగ్రి ఇవ్వకుండా ధైర్యం చెప్పడం ధైర్యం కాదు. వీటిలో మేము వెనకబడిన రోజులు ఉన్నాయి. ఒప్పుకుంటున్నాము.

*నర్సు సోదరీ, నీకు:* వేళకు తిను, నీళ్లు తాగు. డ్యూటీలో ఒక జత మనిషిని పెట్టుకో, రోజు చివర ఇద్దరూ ఒకరినొకరు "ఎట్లున్నవ్?" అని అడగండి. వార్తలు రోజుకు ఒకసారి చూస్తే చాలు. ఏడుపు వస్తే ఏడువు. నువ్వు కాపాడలేకపోయినవారిని లెక్కపెట్టే రాత్రి, నీ చేతి మీదుగా నడిచి ఇంటికి పోయినవారిని కూడా లెక్కపెట్టు.

ఆలస్యం చేయకూడని వేళ

ఎవరైనా "బతకాలని లేదు", "నేను లేకపోతేనే మంచిది" అంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. మందులు, పురుగుమందు డబ్బాలు దూరంగా పెట్టండి. చావు ఆలోచన వస్తున్నదా అని నేరుగా, ప్రేమగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. టెలి మానస్ నంబరు 14416. ఇది 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయండి. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలోనూ మానసిక వైద్యులు ఉంటారు.

ముగింపు

ప్రతి వానాకాలం డెంగీ, టైఫాయిడ్ జ్వరాలతో మన వార్డులు నిండుతాయి. రేపు మరో కొత్త వ్యాధి కూడా రావచ్చు. అప్పుడు కూడా తెల్లవారుజామున మూడు గంటలకు మీ అయ్య సెలైన్ బాటిల్ మార్చడానికి ఒక అమ్మాయి లేచి వస్తుంది. ఆమెకు పూలు చల్లకపోయినా ఫరవాలేదు. ఆమె మీ మంచం దగ్గరకు వచ్చినప్పుడు, మీ ప్రశ్న అడిగాక, ఇంకొక ప్రశ్న అడగండి. జవాబు వినేదాకా నిలబడండి.

ఇంట్లో, కూడికలో చర్చించండి

1. కోవిడ్ రోజుల్లో మన వీధిలో ఉన్న ఆరోగ్య సిబ్బందితో మనం ఎలా ఉన్నాము? ఇప్పుడు వెళ్లి ఒక మాట చెప్పవలసినవారు ఎవరైనా ఉన్నారా?
2. మన ఇంట్లో నర్సు, ఆశా కార్యకర్త, ఆయా, వార్డు బాయ్ ఉంటే, ఆమె లేదా అతను చివరిసారి నిండుగా నిద్రపోయింది ఎప్పుడు?
3. మనసు బాగాలేదని ఎవరైనా చెప్పినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి? దాన్ని ఎలా మార్చుకోవచ్చు?

ఈ పేజీ చదివాక పక్కింటివారికి ఇవ్వండి. 14416 నంబరు గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.